కోనసీమ చరిత్రము: నీరు వచ్చు త్రోవయు, నీరు పోవు త్రోవయు

సంఘ సంచికలయందు వంశముల చరిత్రములను, దాతల చరిత్రములను వ్రాయుట పరిపాటి. ఈ పర్యాయము మేము ఒక నేలయొక్క చరిత్రమును వ్రాయ సాహసించితిమి. మనలో పెక్కు కుటుంబములు ఆ నేలను నమ్ముకొని బ్రతికినవి. చదువులకై, ఉద్యోగములకై హైదరాబాదునకును, విశాఖపట్టణమునకును, సముద్రముల కావలికిని వెళ్ళిన వారికి సైతము అచ్చట నాలుగు కొబ్బరిచెట్లు కలవు. సెలవులకు వచ్చినపుడు చెట్టును చూచి సంతోషించువారు అనేకులు. చెట్టుప్రక్కనున్న బోదెలోనికి తొంగిచూచువారు అరుదు. ఆ బోదెను గూర్చియే మేము ముఖ్యముగా విన్నవింపదలచినాము.

సీమ స్వరూపము

గోదావరి నాసికకు సమీపమున త్ర్యంబకముకడ బుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి, పాపికొండల సందున దూరి మైదానమున బడి, ధవళేశ్వరమునకు దిగువ రెండుగా చీలును. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వసిష్ఠ. వసిష్ఠనుండి మరల వైనతేయ చీలును. గౌతమికిని వసిష్ఠకును నడుమ, దక్షిణమున బంగాళాఖాతము ఎల్లగా, ముక్కోణపు ఆకారమున నున్న నేలయే కోనసీమ. 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము ముఖ్యపట్టణముగా ఈ పేరిట ఒక జిల్లా ఏర్పడినపుడు గౌతమి కావలి మండలములు కొన్ని కూడ అందు చేరినవి. మేమిచ్చట చెప్పునది పాయల నడిమి పాతసీమ మాత్రమే.

ఈ నేల కొండ కరిగి వచ్చినది. వరదనాడు ఏఱు ఒడ్డుదాటి పొరలునపుడు బరువైన ఒండ్రు ఏటిదాపుననే దిగిపోవును. సన్నని బంకమన్ను లోపలికి సాగి నెమ్మదిగా దిగును. అందువలన ఏటియొడ్డు మెరకగాను, దీవి నడిభాగము పల్లముగాను ఏర్పడినవి. సముద్రమునకు చేరువైన గ్రామములలో తీరమునకు ఇంచుమించు సమాంతరముగా ఇసుకమెరకలు వరుసలుగా కానవచ్చును. ఇవి పూర్వపు తీరరేఖలనియు, సముద్రము వెనుకకు జరుగుకొలది ఒకటి విడిచి మఱియొకటి ఏర్పడినవనియు భూతత్త్వజ్ఞులు చెప్పుదురు. ఆ మెరకల నడుమ పల్లములు, ఉప్పుటేఱులు, పర్రభూములు కలవు. ఇట్లు ఏఱు ఒకవైపునను, సముద్రము మఱియొకవైపునను గట్లు పోయగా, నడుమ నిలిచిన పళ్ళెమువంటి నేలయందు మన పెద్దలు కాపురముండిరి. పళ్ళెములో పడిన నీరు తనంతట తాను బయటికి పోదు. ఈ సీమయొక్క భాగ్యమునకును, కష్టమునకును ఇదియే మూలము.

ఏటి నడుమ తేలిన లంకల సంగతి వేఱు. ఏటేట వరద క్రొత్త ఒండ్రు పఱచును గనుక అచ్చటి మట్టికి సారమెక్కువ. లంకపొగాకు పూర్వము ప్రసిద్ధికెక్కినది. అరటి, కూరగాయలు అచ్చట ఏపుగా పెరుగును. కాని ఏఱు ఒకనాడిచ్చినదానిని మఱియొకనాడు కోసికొని పోవును. ఒక తరమువారు దున్నిన లంక మఱుతరమునాటికి ఏటిపాలగుట అచ్చటివారెల్ల ఎఱిగినదే.

తోట యెట్లు పుట్టినది

పరదేశులు కోనసీమను చూచి, ప్రకృతియే ఈ తోటలను నాటినదని తలంతురు. అది పొరపాటు. కొబ్బరిచెట్టు నీటిని కోరును గాని, వేరులు నీటిలో నిలిచి మురుగుటను సహింపదు. పల్లపుచేనిలో కొబ్బరి నాటవలెనన్న మొదట చేనికడ్డముగా బోదెలు త్రవ్వి, ఆ మట్టిని నడుమ పోసి మెరక చేయవలెను. మెరకమీద చెట్టు నిలుచును. బోదెలో వాననీరు దిగును. బోదెనుండి పంటబోదెకు, దానినుండి కోడునకు, కోడునుండి మురుగుకాలువకు, మురుగుకాలువ మొగయొద్ద సముద్రమునకు నీరు పోవును. ఈ వరుసలో ఏ యొక్కచోట పూడినను పైవారి తోట నీట నిలుచును. మన తోటలన్నియు చేతితో మోసిన మట్టిమీద నిలిచినవి. ఆ మట్టి త్రవ్వినవారి పేర్లు ఏ శాసనమునను లేవు.

ఈ మెరకలమీద కొబ్బరి, క్రింద అరటి, కంద, దొడ్డిలో పనస, మామిడి, పోక, పల్లమున వరి. ఇదియే ఈ సీమ సేద్యపు పొందిక. అరటిలో చక్కెరకేళి, కర్పూరము, అమృతపాణి, కూరకు బొంత. రావులపాలెము అరటిగెలల సంతకును, అంబాజీపేట కొబ్బరి వర్తకమునకును పేరుపొందినవి. కాయ దింపువారు, వలుచువారు, పీచు తీయువారు, లెక్కకట్టి లారీల కెత్తువారు, ఇట్లు ఒక్క కాయచుట్టు ఎన్నో చేతులు బ్రతుకుచున్నవి. అటకమీద నెలల తరబడి ఆరబెట్టి నీరింకిన పిదప కురిడీగా ఉత్తరదేశమునకు పంపుట ఇచ్చటి పాత వ్యాపారము. దేశవాళీ పొడవురకమును, గంగబొండమను పొట్టిరకమును సంకరముచేసి అంబాజీపేట పరిశోధనాస్థానమువారు గోదావరిగంగ యను రకమును తెచ్చిరి. పూర్వము కాయలును గెలలును పడవలమీద కాలువలవెంట పోయెడివి. వంతెనలు వెలసిన పిదప లారీలమీద పోవుచున్నవి.

ఆనకట్టకు పూర్వము

పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమున గోదావరి జిల్లా నేటివలె అన్నపూర్ణ గాదు. వరద వచ్చినపుడు ఊళ్ళు ముంచి, వెళ్ళినపుడు చేలు ఎండగట్టి ఏఱు సముద్రమున కలిసెడిది. 1832-33 నాటి నందన కఱవు పొరుగున గుంటూరుసీమను నిర్మానుష్యముచేయగా, దాని దెబ్బ ఈ వైపునను తగిలెను. 1839 నవంబరులో కోరంగి రేవున సముద్రము పొంగి ఊరిని ముంచివైచినది. 1821లో ఏడులక్షల ముప్పది యెనిమిది వేలుగా నుండిన రాజమహేంద్రవరము జిల్లా జనాభా 1841 నాటికి సుమారు ఐదులక్షల అరువది యొక్క వేలకు దిగిపోయెను. ఇరువది యేండ్లలో జిల్లా జనులలో ఇంచుమించు నాలుగవవంతు తఱిగిపోయిరన్నమాట. చచ్చినవారు కొందఱు, వలసపోయినవారు కొందఱు.

ఈ దుస్థితిని విచారించి సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక వ్రాసెను. ఆ పిదప ఆర్థర్ కాటను ఏటిని, దీవులను కాలినడకను, గుఱ్ఱముమీదను తిరిగిచూచి, ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టినచో ఈ నేల మరల లేచునని వాదించెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను నడుమ కలుపుకొనుచు, మొత్తము రెండుమైళ్ళకు పైబడిన రాతికట్టడము ఏటికడ్డముగా నిలిచెను. వేలకొలది కూలీలు ఎండకును జ్వరములకును ఓర్చి పనిచేసిరి. ఆ కూలీలను సమకూర్చి నడపినవారిలో వీణం వీరన్న పేరు ఈనాటికిని జనులు తలంతురు. ఆ పాత ఆనకట్టకు మాఱుగా ఇరువదవ శతాబ్ది కడపటి భాగమున కాటను పేరిటనే క్రొత్త బారేజి వెలసినది.

బొబ్బర్లంకకడ తలుపులెత్తి మధ్యడెల్టా కాలువలోనికి నీరు విడిచిరి. కాని వైనతేయ కావలి నగరపుదీవికి నీరు పోవు టెట్లు? హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరముకడ వైనతేయపై 49 కమానుల కట్టడము కట్టి, ఏటిమీదుగనే కాలువను దాటించెను. క్రింద ఏఱు, పైన కాలువ. ఆ నీటితో రాజోలు వైపు వరిచేలును, తోటలును పచ్చబడెను. మధ్యడెల్టా ఆయకట్టు కాలక్రమమున సుమారు రెండులక్షల ఎకరములకు పెరిగినది. ఈ ఉపకారమునకు గాను గోదావరి తీరవాసులు కాటనుదొరను స్నానసమయమునను తలచుకొనుట వింతగాదు.

వచ్చిన నీరు పోవుటెట్లు

ఇంతవరకు చెప్పిన కథ మనము బడిలో చదివినదే. కాని ఆ కథ సగము మాత్రమే. కాలువ నీరు తెచ్చినది. ఆ నీరు పోవు మార్గమును ఎవ్వరు చూడవలెను? పూర్వము వానకాలమున మాత్రమే తడిసిన పల్లములకు కాలువల వలన నెలల తరబడి నీరు వచ్చెను. రెండవపంట వచ్చెను. నీరు పెట్టు పని గొప్పపనిగాను, మురుగు తీయు పని తక్కువపనిగాను లెక్కింపబడెను. కాలువకు శంకుస్థాపనలు, శిలాఫలకములు కలవు. మురుగుకాలువకు అట్టివి యెక్కడనో గాని లేవు.

దీనికి కౌశికకాలువయే నిదర్శనము. గోదావరి పాయలకు ఋషుల పేర్లుపెట్టి పూజించిన పెద్దలు ఒకదానికి కౌశికయని పేరిడిరి. ఆ పాయ నేడు ప్రభుత్వపు లెక్కలలో ఒక పెద్ద మురుగుకాలువ. కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను భుజములపై మోయువారు ఎగువకౌశికలో దిగి, ఱొమ్ములోతు నీటిలో ప్రభ ఒరుగకుండ దాటించుట చూచినవారి ఒడలు పులకరించును. అంతటి భక్తితో సంవత్సరమున కొకనాడు దాటు ఆ కాలువలో తక్కిన దినములయందు గుఱ్ఱపుడెక్క పెరిగినను, చెత్త పోసినను మనము పట్టించుకొనుట తక్కువ.

గట్లు కాపాడుట, పూడిక తీయుట పూర్వము ఊరివారి ఉమ్మడిపని. దానినే కుడిమరామతు అనిరి. 1858లో చెన్నపురి రాజధానికై ఒక చట్టము పుట్టినది. వరదలో గట్టు తెగునట్లున్నపుడు సమీపమందలి కాయకష్టము చేయువారిని పనికి రమ్మని నిర్బంధించు అధికారమును ఆ చట్టము ఉద్యోగులకిచ్చెను. ఇచ్చట మనము ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను. గట్టు నిలిచినచో తోట దక్కినది భూస్వామికి. గట్టుమీద రాత్రియెల్ల బురద మోసినది తోటలేని కూలివాడు. మన ముత్తాతలు ఆ రెండు వరుసలలోను ఉండియుందురు. ఈ సీమ గొప్పతనమును చెప్పుకొనునపుడు మొదటివరుసను మాత్రమే చెప్పుకొనుట న్యాయము గాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మురుగు సమస్య ముదిరి, కృష్ణా గోదావరి డెల్టాల మురుగునీటి పారుదలను విచారించుటకు మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘము ఏర్పడెను. 1968లో మురుగుపారుదల పన్ను చట్టము వచ్చినది. నీటికి పన్ను కట్టుట రైతునకు తెలియును. నీరు పోవుటకు కూడ పన్ను కట్టవలెనన్న మాట అప్పుడు వినబడెను. 1997లో మఱియొక చట్టము వలన రైతులే నీటి వినియోగదారుల సంఘములుగా ఏర్పడి కాలువలను నడుపుకొను హక్కు వచ్చినది. చట్టములు ఎన్నివచ్చినను, బోదెలో పార పడకున్న నీరు కదలదు.

ఆపదలు

1986 ఆగస్టులో గోదావరి మహోగ్రమై, ధవళేశ్వరముకడ సెకనునకు ముప్పది యైదు లక్షల ఘనపుటడుగులకు పైబడిన ప్రవాహముతో వచ్చెను. లంకలు మునిగినవి, గట్లకు గండ్లు పడినవి. పదియేండ్లకు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, తుపాను కోనసీమ తీరమున ఒడ్డెక్కెను. వేయిమందికి పైగా మరణించిరి. తెల్లవారునప్పటికి తరముల నాటి కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని నడుమకు విఱిగి, వేరులతో పెకలి, ఒకదానిమీద నొకటి పడియుండెను. వరి పోయిన రైతు మఱుసంవత్సరము మరల నాటుకొనును. కొబ్బరి పోయినవాడు మొక్కనాటి ఆఱేడేండ్లు కాయకై ఎదురుచూడవలెను. ఆ ఎదురుచూపులో ఎన్నో కుటుంబములు అప్పులపాలైనవి. ఎందఱో యువకులు ఊరువిడిచిరి.

తుపాను ఒక్కరాత్రి పని. మురుగు ఏటేట చేయు పని అంతకంటె మెల్లనిది. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలకొలది ఎకరములలో నాట్లు వేయకుండ పంటవిరామము ప్రకటించిరి. అన్నపూర్ణయని పేరుపొందిన సీమలో రైతు తనంతట తాను నాగలి దింపుట దేశమంతట వింతగా చెప్పుకొనిరి. గిట్టుబాటు ధర లేకుండుట, కూలి పెరుగుట, ఎరువుల వెల హెచ్చుట కారణములే. వానితోపాటు, కోతవేళ తుపానువానకు చేలు మునిగి నీరు దిగక పంట కుళ్ళిపోవుటయు ఒక ముఖ్యకారణము. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన విచారణసంఘమును నియమించినది.

ఇపుడు ఆపద మఱియొక దిక్కునుండి వచ్చుచున్నది. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము మురుగుకాలువ గుండ సముద్రపుపోటు లోపలికి వచ్చి, ఉప్పునీరు తోటలలో నిలిచి, కొబ్బరిచెట్లు తలలు వాడి మోడులగుట 2025లో రాష్ట్రమంతటికి తెలిసినది. నీరు పోవుటకు త్రవ్విన త్రోవయే సముద్రము లోనికి వచ్చు త్రోవ యగుచున్నది. దీనికి తోడు ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచేత, 1970ల నాటితో పోల్చగా గోదావరి సముద్రమునకు తెచ్చు మట్టి సగముకంటె తక్కువకు దిగినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మట్టి రానిచో తీరము కోతపడును. తీరము కోసికొనిపోయి, నేల క్రుంగి, సముద్రమట్టము పెరిగినచో మురుగుకాలువల వాలు ఇంకను తగ్గును. పల్లపుభూములను రొయ్యలచెఱువులు చేయుటచేత ఉప్పు లోపలికి ప్రాకుటయు, కోడులు మూసికొనిపోవుటయు అచ్చటచ్చట చూచుచున్నాము. చెఱువువలన లాభపడినవాడు ఒకడు, ప్రక్కతోట ఎండినవాడు మఱియొకడు. ఇద్దఱును ఒక్క ఊరివారే, ఒక్కొకచోట ఒక్క ఇంటివారే.

మనకు మిగిలిన పని

పై చరిత్రమువలన మాకు తోచినది ఇది. కోనసీమ నీటివలన బ్రతికినదనుట సగము సత్యము. వచ్చిన నీటిని గౌరవముగా సాగనంపుటవలన బ్రతికినది. ఆనకట్ట ఒక్కడు తలచి, ప్రభుత్వము కట్టవచ్చును. మురుగు మాత్రము ఒక్కరిచేత కాదు. ఎగువరైతు బోదె శుభ్రముగానున్నను దిగువరైతు కోడు మూసినచో ఇద్దఱును మునుగుదురు. దిగువవాడు త్రవ్వినను మొగ పూడినచో ఊరంతయు మునుగును. ఇందు కులమునకు వేఱుగ, వీథికి వేఱుగ నీరు పోదు. మెరకవాడలో మనముండి, పల్లపుపేటలో ఇతరులుండుట పెక్కు గ్రామములలో కలదు. వానకాలమున ముందుగా నీరు చొచ్చునది ఆ పేటలోనికే. మన యింటి మెరక వారి యింటి పల్లము కారాదు.

కావున ఈ మహాసభకు వచ్చినవారికి మా విన్నపములు మూడు. తోటలు గలవారు, ముఖ్యముగా దూరదేశముననుండి కౌలునకిచ్చినవారు, సంవత్సరమున కొక పర్యాయమైనను, వానలకు ముందు, బోదెలు పూడిక తీయించి, ఆ మట్టిని మెరకకు ఎక్కింపవలెను. దానికి కౌలుదారుని బాధ్యుని చేసి తాము తప్పుకొనరాదు. రెండవది, నీటిసంఘముల సమావేశములకు పోయి మురుగుకాలువల పనిని, మొగలయొద్ద పోటునీటిని ఆపు తలుపుగల తూములను గట్టిగా అడుగవలెను. కాలువకు వచ్చు నీటికొఱకు పోట్లాడినంత పట్టుదలతో పోవు నీటికొఱకును పోట్లాడవలెను. మూడవది, మన సంఘము విద్యార్థులకిచ్చు ప్రోత్సాహములలో నీటిపారుదల, ఉద్యానశాస్త్రము, తీరరక్షణము చదువు పిల్లలను కూడ మఱవరాదు. సంచికలలో పట్టభద్రుల ఛాయాపటములు అచ్చువేసినట్లే, కోడు త్రవ్వించి ఊరిని నిలిపిన పెద్దల పేర్లును, ఆ కోడులో దిగి పారపట్టినవారి పేర్లును అచ్చువేయుట మనకు గౌరవము.

మా బాల్యమున వానకాలపు రాత్రులలో పెద్దలు లాంతరు పుచ్చుకొని గొడుగులేకయే తోటలోనికి పోయెడివారు. ఏమి చూచుటకు పోవుచున్నారని అడిగినచో, నీరు లాగుచున్నదా లేదా చూచి వత్తుమనెడివారు. లాగుచున్నదని తెలిసిన పిదపనే నిద్రించెడివారు. ఈ సీమయందు తోట గలవాని విధి అంతయు ఆ యొక్క ప్రశ్నలో నున్నది. నేడు మనము ఎంత దూరముననున్నను, వానకాలము రాగానే ఇంటికి ఫోను చేసి కాయ ధర అడుగుటకు ముందు, నీరు లాగుచున్నదా యని అడుగుదము గాక.